లెక్కలోకి రాని నొప్పి: హైదరాబాద్‌లోని ఒక మూత్రాశయ నొప్పి క్లినిక్‌పై సమీక్ష

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మూత్రవ్యాధుల విభాగానికి అనుబంధంగా, దీర్ఘకాలపు మూత్రాశయ నొప్పితో బాధపడేవారి కోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడుస్తోంది. నా చెల్లెలిని వెంటబెట్టుకుని కొన్ని నెలలుగా అక్కడికి వెళ్లివస్తున్నాను. రాయబోయేదాంట్లో మెప్పుతో పాటు గట్టి ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. పేరు లేకపోయినా, ఇటువంటి చోటికి వెళ్లాలా వద్దా, వెళితే ఏమి అడగాలి, అక్కడివారు మనల్ని ఏమి అడగాలి అని ఆలోచించే కుటుంబాలకు ఈ సమీక్ష పనికివస్తుంది.

నేను ఉద్యోగకాలమంతా జిల్లా ఆరోగ్య శాఖలో గణాంకాల పని చేశాను. ఏ జబ్బు ఎంతమందికి ఉందో రాసే పట్టికలతోనే నా రోజులు గడిచాయి. అందువల్ల ఈ క్లినిక్‌ను ఏసీ గదులను బట్టి, నేల మెరుపును బట్టి కాకుండా, ముఖ్యంగా ఒక్క విషయాన్ని బట్టి తూచాను: తన దగ్గరికి వచ్చిన మనిషిని అది ఏమని ప్రశ్నిస్తోంది? చాలా జబ్బులకు రక్తపరీక్షో, ఎక్స్‌రేనో సాక్ష్యం చెబుతుంది. ఈ జబ్బుకు అటువంటి సాక్ష్యం లేదు. రోగి మాటే ఆధారం, ఆ మాట బయటికి రావాలంటే సరైన ప్రశ్న పడాలి. ప్రశ్న సరిగా పడకపోతే ఆ రోగికి వైద్యమూ అందదు, దేశపు లెక్కల్లో ఆమెకు చోటూ దొరకదు.

ముందుగా జబ్బేమిటో చెప్పాలి. పూర్వం దీనిని ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనేవారు. ఇప్పుడు బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అన్న పేరు కూడా కలిపి వాడుతున్నారు. మూత్రాశయం నిండేకొద్దీ పొత్తికడుపులో నొప్పి, బరువు లేదా ఒత్తిడి పెరుగుతాయి, మూత్రం పోసిన తరువాత కొంతసేపు తగ్గుతాయి, మళ్లీ మొదలవుతాయి. పగలూ రాత్రీ మాటిమాటికీ వెళ్లవలసి వస్తుంది. పరీక్ష చేస్తే మూత్రంలో సూక్ష్మజీవులు కనిపించవు. అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాల ప్రకారం, ఇన్ఫెక్షన్ గాని, ఈ బాధను వివరించగల మరో కారణం గాని లేకుండా ఇటువంటి లక్షణాలు 6 వారాలకు మించి ఉంటే ఈ జబ్బును అనుమానించాలి.

నా చెల్లెలు ఖమ్మం జిల్లాలో ఉపాధ్యాయురాలు. ఏళ్ల తరబడి ఆమెకు అందరూ చెప్పినది రెండే మాటలు. ఇంట్లోవాళ్లు వేడి చేసిందన్నారు. మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు ఇచ్చారు. వైద్యులు యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు రాశారు. మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదని నివేదిక వచ్చిన తరువాత కూడా మరో కోర్సు రాసినవారున్నారు. ఈ క్లినిక్‌కు వచ్చేనాటికి ఆమె ఫైలు లావెక్కింది గాని, ఆ ఫైలులో ఎక్కడా ఈ జబ్బు పేరు లేదు.

క్లినిక్‌లో మొదటి సంప్రదింపు చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది. లోపల కూర్చున్న వైద్యురాలు ఫైలు తెరవడానికి ముందే ప్రశ్నలు మొదలుపెట్టారు. "నొప్పి ఉందా?" అని ఆమె అడగలేదు. "మూత్రం నిండుతున్నప్పుడు అక్కడ మీకు ఎలా ఉంటుందమ్మా?" అన్నారు. నా చెల్లెలు, "నొప్పి అని కాదండీ, లోపల ఏదో బరువు కూర్చున్నట్టు ఉంటుంది, పోసి వస్తే గాని కుదురుండదు" అంది. ఇంతకుముందు చూసిన వైద్యులు నొప్పి ఉందా అని అడిగితే ఆమె లేదనే చెప్పింది, ఎందుకంటే ఆమె దృష్టిలో అది నొప్పి కాదు. ఒత్తిడి, బరువు, అసౌకర్యం కూడా ఈ జబ్బు నిర్వచనంలో ఉన్నాయని ఎరిగిన వైద్యులు మాత్రమే ఈ విధంగా అడగగలరు.

రెండో ప్రశ్న ఇంకా కీలకమైనది. "మాటిమాటికీ ఎందుకు వెళతారు? దారిలో మూత్రం పడిపోతుందన్న భయంతోనా, బరువు తగ్గుతుందనా?" అని అడిగారు. పైకి చిన్న తేడాలా కనిపించే ఈ ప్రశ్న రెండు వేరువేరు జబ్బులను విడదీస్తుంది. బట్టలు తడుస్తాయన్న భయంతో పరుగెత్తేవారిది ఎక్కువగా అతిచురుకు మూత్రాశయం (ఓవర్ యాక్టివ్ బ్లాడర్); బాధ తగ్గడం కోసం వెళ్లేవారిది ఈ జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ జరిపిన పెద్ద సర్వేలో ఉపయోగించిన నిర్వచనంలో సరిగ్గా ఈ తేడానే పొందుపరిచారు. ఆ సర్వే గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ క్లినిక్ విలువ నాకు తెలిసింది ఆ లెక్కలతో పోల్చుకున్నప్పుడే.

ఈ జబ్బు ఎంతమందికి ఉందన్న ప్రశ్నకు మొదటి పెద్ద జవాబు 1975లో ఫిన్లాండ్ నుంచి వచ్చింది. ఒరావిస్తో అనే వైద్యుడు హెల్సింకీ ప్రాంతంలో ఆసుపత్రులలో నమోదైన రోగులను లెక్కించి, లక్ష మంది స్త్రీలలో సుమారు 18 మందికి ఈ జబ్బు ఉందని తేల్చాడు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నిలిచిన లెక్క ఇది. అదే ఫిన్లాండ్‌లో 2005లో మరో బృందం పద్ధతి మార్చింది. ఆసుపత్రి రికార్డులతో మొదలుపెట్టకుండా, సాధారణ జనాభా నుంచి స్త్రీలను ఎంచి ప్రశ్నపత్రాలు పంపింది; లక్షణాలు ఉన్నాయని రాసినవారిని పిలిచి పరీక్షించింది. అప్పుడు లక్షకు 230 మందిలో జబ్బు ఉండే అవకాశం బలంగా కనిపించింది. అనుమానించదగినవారిని కూడా కలిపితే ఆ సంఖ్య 530కి చేరింది. ముప్పై ఏళ్లలో ఫిన్లాండ్ స్త్రీల మూత్రాశయాలు అంతగా పాడైపోయాయని దీని అర్థం కాదు. మొదటి లెక్క ఆసుపత్రి లోపల కూర్చుని చేసినది, రెండోది ఇళ్ల దగ్గర మొదలైనది.

అమెరికా లెక్కలు ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చూపిస్తాయి. పోర్ట్‌లాండ్ నగరంలోని ఒక ఆరోగ్య బీమా సంస్థ రికార్డులలో వైద్యులు జబ్బు పేరు రాసిన కేసులను మాత్రమే లెక్కిస్తే, 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం లక్ష మంది స్త్రీలలో 197 మంది, లక్ష మంది పురుషులలో 41 మంది తేలారు. ర్యాండ్ సర్వే వైద్యుల రికార్డులను పక్కనపెట్టి సుమారు 1.46 లక్షల ఇళ్లకు ఫోన్ చేసి అడిగింది. 2011లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, 18 ఏళ్లు నిండిన అమెరికన్ స్త్రీలలో 2.7 శాతం నుంచి 6.5 శాతం వరకు ఈ జబ్బును సూచించే లక్షణాలతో ఉన్నారు. మనుషుల సంఖ్యలో చెబితే 33 లక్షల నుంచి 79 లక్షల వరకు. ఒకే సర్వేలో రెండు సంఖ్యలెందుకంటే, రెండు నిర్వచనాలు వాడారు. వదులైన నిర్వచనం అసలు రోగులలో 81 శాతం మందిని పట్టుకోగలదు గాని, ఇతర జబ్బులవారిని సరిగా పక్కకు తప్పించడంలో దాని బలం 54 శాతమే. బిగువైన నిర్వచనం ఇతరులను 83 శాతం మేర తప్పించగలదు గాని, అసలు రోగులలో 48 శాతం మందినే పట్టుకుంటుంది. ఏ వలకైనా కళ్లు చిన్నవైతే చెత్త కూడా పడుతుంది, పెద్దవైతే చేపలు జారిపోతాయి.

లక్ష మంది వయోజన స్త్రీలున్న పట్టణాన్ని ఊహించుకుని ఈ నిష్పత్తులను అన్వయిస్తే తేడా కళ్లకు కడుతుంది. హెల్సింకీ పద్ధతిలో ఆ పట్టణంలో రోగులు 18 మంది. పోర్ట్‌లాండ్ పద్ధతిలో 197 మంది. ర్యాండ్ పద్ధతిలో తక్కువలో తక్కువ 2,700 మంది, ఎక్కువలో ఎక్కువ 6,500 మంది. ఇవి ఆయా దేశాల సంఖ్యలు, మన పట్టణాలకు నేరుగా వర్తించేవి కావు. కొరియాలో ప్రశ్నలడిగి చేసిన జనాభా అధ్యయనంలో లక్షకు 261 మందే తేలారు. అయినా, ఒకే జబ్బు సంఖ్య ఇన్ని వందల రెట్లు మారడానికి ముఖ్య కారణం ఎవరిని అడిగారు, ఏమని అడిగారు అన్నదే. అమెరికాలోనే ఒక ప్రాథమిక వైద్యశాలకు వచ్చిన స్త్రీలకు రెండు రకాల ప్రశ్నపత్రాలు ఇచ్చి చూస్తే, ఒక కాగితం ప్రకారం సుమారు 0.6 శాతం మంది, మరో కాగితం ప్రకారం 12.6 శాతం మంది రోగులుగా తేలారు. స్త్రీలు వారే, వైద్యశాల అదే. మారినది ప్రశ్నపత్రం ఒక్కటే.

ర్యాండ్ సర్వేలో నన్ను ఎక్కువగా కలవరపరచిన సంఖ్య వేరొకటి ఉంది. లక్షణాలున్న స్త్రీలలో ఈ జబ్బు ఉందని వైద్యుడు చెప్పినవారు 9.7 శాతమే. మిగిలినవారి బాధ తీవ్రత, జబ్బు నిర్ధారణ అయినవారి బాధకు ఏమీ తీసిపోలేదు. అంటే, తేలికపాటి బాధ కాబట్టి వదిలేశారని సరిపెట్టుకోవడానికి కూడా వీల్లేదు. నా చెల్లెలి వంటివారు ఏళ్ల తరబడి ఈ మిగిలిన 90 శాతంలోనే ఉండిపోతారు.

ఈ సంగతిని క్లినిక్‌లోని వైద్యురాలు తన మాటల్లో చెప్పారు. "ఇది మీ ఒక్కరికే వచ్చినది కాదమ్మా, వందమంది ఆడవాళ్లను సరిగా అడిగితే ఇద్దరు ముగ్గురైనా ఇవే మాటలు చెబుతారని అమెరికా లెక్కలు అంటున్నాయి" అన్నారు. ఆ మాట విన్నాక నా చెల్లెలు కళ్లు తుడుచుకుంది. బాధ నిజమా, మనసు కల్పించినదా అని తననే తాను అనుమానించుకుంటూ వచ్చిన మనిషికి ఈ సంఖ్య మందులాగా పనిచేసింది. జబ్బు ఎంత సాధారణమో రోగికి చెప్పడం వైద్యంలో భాగమేనని నేను భావిస్తున్నాను. ఆ భాగాన్ని ఈ వైద్యురాలు ఓపికగా, మందుల చీటీ రాయడానికి ముందే పూర్తిచేశారు.

అటువంటప్పుడు అదే క్లినిక్ బయట పెట్టిన బోర్డును ఎలా సమర్థించుకుంటారో నాకు అర్థం కాలేదు. "అరుదైన మూత్రాశయ వ్యాధులకు ప్రత్యేక చికిత్స" అని పెద్ద అక్షరాలతో రాశారు. వ్యాపారానికి ఆ మాట ఆకర్షణీయంగా ఉండవచ్చు గాని, అది తప్పుడు సమాచారం, హాని కూడా చేస్తుంది. ఈ జబ్బు అరుదన్న అభిప్రాయం చాలా పాతది. 1915లో అమెరికన్ వైద్యుడు గై హన్నర్ స్త్రీల మూత్రాశయంలో కనిపించే ఒక రకం పుండు గురించి రాసిన వ్యాసం శీర్షికలోనే దానిని అరుదైనదని పేర్కొన్నాడు. ఆ పుండ్లు ఉన్నవారు మొత్తం రోగులలో చిన్న భాగం మాత్రమే. కాని తరతరాల వైద్యులు పుండు కనిపిస్తేనే జబ్బు అన్నారు, కనిపించనివారిని ఇళ్లకు పంపారు.

తరువాత 1980ల చివర అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిధిలో నిపుణులు సమావేశమై, పరిశోధనల్లో చేర్చుకునే రోగులందరూ ఒకే తీరున ఉండాలన్న ఉద్దేశంతో కఠినమైన ప్రమాణాలు రూపొందించారు. అవి పరిశోధన కోసం చేసినవే గాని, వైద్యులు వాటిని రోజువారీ నిర్ధారణకు కూడా వాడుకున్నారు. అనుభవజ్ఞులైన వైద్యులు ఈ జబ్బేనని నమ్మిన రోగులలో 60 శాతానికి పైగా ఆ ప్రమాణాల గీత దాటలేకపోయారని 1999లో తేలింది. అరుదు అని నమ్మేవాడు వెతకడు, వెతకనివాడికి కనిపించదు, కనిపించలేదు కాబట్టి అరుదని మళ్లీ రాస్తాడు. ఈ చక్రాన్ని లోపలి గదిలో తెంచుతున్న క్లినిక్, గుమ్మం మీద బోర్డుతో దాన్నే తిప్పుతోంది. ఆ బోర్డు చూసి, నాకు అంత అరుదైన జబ్బేమీ ఉండదులే అని వెనక్కి వెళ్లిపోయేవారే ఎక్కువగా ఉంటారు. దీనిని మార్చమని సూచనల పుస్తకంలో రాశాను.

రెండో ఫిర్యాదు ప్రశ్నపత్రానిది. ఓలియరీ, శాంట్ అనే వైద్యుల పేర్లతో 1997 నుంచి వాడుకలో ఉన్న లక్షణాల పట్టికను ఇక్కడ ప్రతి రోగి చేత నింపిస్తారు. గత నెల రోజుల్లో ఎంత తరచుగా వెళ్లారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, మూత్రాశయంలో నొప్పి, మంట ఎంత ఉన్నాయి వంటి నాలుగు ప్రశ్నలు లక్షణాలకు. అవే విషయాలు ఎంత ఇబ్బంది పెడుతున్నాయో చెప్పే మరో నాలుగు ప్రశ్నలు. చికిత్స ముందూ తరువాతా పోల్చుకోవడానికి మంచి పట్టిక. అయితే అది ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఇంగ్లీషు రానివారికి కౌంటరు దగ్గర నర్సు నోటితో చెప్పి, జవాబులు తానే గుర్తులు పెడుతోంది. ఆ అమ్మాయి మర్యాదస్తురాలే, "రాత్రి ఎన్నిసార్లు లేస్తారక్కా?" అని ప్రేమగానే అడుగుతోంది. కాని పక్కన పదిమంది వింటూ ఉండగా, భర్తతో పాటు అత్తగారు కూడా నిలబడి ఉండగా, ఏ స్త్రీ నిజం చెబుతుంది? నా ముందే ఒకావిడ అన్నిటికీ "కొంచెం, కొంచెం" అని జవాబిచ్చి, తరువాత లోపలికి వెళ్లి వైద్యురాలి దగ్గర ఏడ్చింది. అప్పటికే ఆమె కాగితం మీద తక్కువ అంకె పడిపోయింది. జబ్బు లెక్కల్లో తగ్గిపోవడం ఇటువంటి కౌంటర్ల దగ్గరే మొదలవుతుంది. తెలుగులో, ఉర్దూలో అచ్చు వేసిన కాగితాలు, ఒక మూల తెర, రెండు కుర్చీలు ఉంటే చాలు, ఈ లోపం తీరిపోతుంది.

మూడోది పురుషుల సంగతి. కరపత్రం మీద స్త్రీ బొమ్మ, లోపల స్త్రీలనే ఉద్దేశించి రాసిన వాక్యాలు. ఇది స్త్రీలలో ఎక్కువన్న మాట నిజమే. కాని ర్యాండ్ సర్వే పురుషుల విభాగంలో నిర్వచనాన్ని బట్టి 1.9 శాతం నుంచి 4.2 శాతం వరకు లక్షణాలు కనిపించాయి. వీరిలో చాలామందిని ప్రోస్టేట్ వాపు పేరుతోనే చూస్తారు. రెండు జబ్బుల లక్షణాలూ కలిసి ఉన్నవారు కూడా తక్కువేమీ కాదు. వేచి ఉండే హాలులో నేను చూసిన మగవారు ఎవరికో తోడుగా వచ్చినట్టు ఒదిగి కూర్చున్నారు. కరపత్రంలో వారికోసం రెండు వాక్యాలు చేర్చడం పెద్ద పనేమీ కాదు.

పరీక్షల విషయంలో క్లినిక్ నిజాయితీగా నడుచుకుంది. ముందుగా కల్చర్ పరీక్ష, మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలిందో చూసే స్కాన్, రాళ్లున్నాయేమో చూడడం, అంతే. మన దేశంలో మూత్రవ్యవస్థకు వచ్చే క్షయ కూడా ఇవే లక్షణాలతో కనిపించవచ్చు కాబట్టి, వరుసగా మూడు రోజుల ఉదయపు మూత్రంతో ఆ పరీక్ష చేయించారు. పాశ్చాత్య మార్గదర్శకాలను మాత్రమే చదివి వైద్యం చేసేవారు తేలిగ్గా దాటేసే విషయం ఇది, ఇక్కడ దాటేయలేదు. మూత్రాశయంలోకి గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీని మొదటిరోజే రాయలేదు. అది జబ్బును నిర్ధారించడానికి కాక, హన్నర్ పుండ్లు ఉన్నాయేమో చూడడానికని, ఉంటే వాటిని కాల్చి గాని, మందు ఎక్కించి గాని మంచి ఉపశమనం కలిగించవచ్చని వివరించి, అవసరమైతే తరువాత చేద్దామన్నారు. ఖరీదైన పరీక్షతో మొదలుపెట్టని ఆసుపత్రిని చూడడం నాకు సంతోషం కలిగించింది. యాంటీబయాటిక్స్‌ను పూర్తిగా ఆపించారు.

మూడు రోజుల మూత్ర డైరీ, కొలతలున్న ప్లాస్టిక్ గ్లాసు ఇంటికి ఇచ్చి పంపారు. ఏ సమయానికి ఎన్ని మిల్లీలీటర్లు, అప్పుడు బాధ ఎంత, ముందు ఏమి తాగారు అన్నవి రాయాలి. ఇది రాసిన తరువాత నా చెల్లెలికే తన జబ్బు తీరు తెలిసింది: బడిలో మరుగుదొడ్డి సరిగా లేక పూటంతా ఆపుకున్న రోజుల్లో సాయంత్రం బాధ రెట్టింపు అవుతోంది.

చికిత్సలో అన్నిటికంటే మేలు చేసినది ఫిజియోథెరపీ. కటి కండరాలు బిగుసుకుపోయి ఉంటే వాటిని చేతితో వదులు చేసే ప్రత్యేక పద్ధతి ఇది. 2012లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగంలో ఈ పద్ధతితో 59 శాతం మంది, మామూలు మర్దనతో 26 శాతం మంది మెరుగుపడ్డామని చెప్పారు. ఇక్కడి ఫిజియోథెరపిస్టు శిక్షణ పొందిన స్త్రీ, తలుపు వేసి, ప్రతి అడుగూ ముందుగా చెప్పి, అనుమతి అడిగి చేశారు. ప్రసవాల తరువాత అందరికీ నేర్పే కండరాలు బిగించే వ్యాయామాలు ఈ జబ్బులో చేయకూడదని, అవి బాధను పెంచుతాయని కూడా ఆమే చెప్పారు. నా చెల్లెలు వేరొకరి సలహా మీద అవే చేస్తూ ఉండేది.

ఆహారం కాగితం మాత్రం నిరాశపరచింది. విదేశీ జాబితాను యథాతథంగా అచ్చు వేశారు. నారింజ, టమాటా, కాఫీ, గ్యాస్ పానీయాలు, చాకొలేట్, కృత్రిమ తీపి పదార్థాలు, క్రాన్‌బెర్రీ రసం అన్నీ ఉన్నాయి. చింతపండు పులుసు, గోంగూర, ఆవకాయ, పచ్చిమిరపకాయ గురించి ఒక్క అక్షరం లేదు. ఖమ్మం ఇంట్లో క్రాన్‌బెర్రీ ఎవరు తాగుతారు? చారు, పచ్చడి లేని పూట ఎక్కడుంటుంది? పోషకాహార నిపుణురాలిని అడిగితే, అనుమానమున్నవాటిని అన్నిటినీ కొన్ని వారాలు మానేసి, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి తిని చూసుకోవాలని, ఏది పడదో మనిషి మనిషికీ మారుతుందని చక్కగానే చెప్పారు. ఆ మాటలు కాగితం మీద ఉండాలి. లేకపోతే రోగి భయంతో అన్నీ మానేసి, పెరుగన్నంతో నీరసించిపోతుంది. మా చెల్లెలికి కాఫీ, ఆవకాయ పడలేదు; చారు పడింది.

మందుల్లో రాత్రిపూట నరాల నొప్పికి కూడా వాడే అమిట్రిప్టిలిన్ తక్కువ మోతాదులో ఇచ్చారు. పెంటోసాన్ పాలీసల్ఫేట్ గురించి కూడా చర్చించారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996లో ఈ జబ్బుకు అనుమతించిన మాత్ర ఇది. దీర్ఘకాలం వాడినవారిలో కంటి రెటీనా దెబ్బతినడాన్ని 2018లో వైద్యులు వెల్లడించారు, 2020లో ఆ హెచ్చరికను మందు సమాచారంలో చేర్చారు. వైద్యురాలు ఈ సంగతి దాచకుండా చెప్పి, మొదలుపెట్టాలనుకుంటే ముందు కంటి పరీక్ష చేయించుకోవాలన్నారు. మేము ప్రస్తుతానికి వద్దనుకున్నాము, ఆమె ఒత్తిడి చేయలేదు.

ఇక మరుగుదొడ్ల గురించి. ఈ విషయంలో ఎంత గట్టిగా రాసినా ఎక్కువ కాదు. మూత్రాశయ నొప్పి రోగుల కోసం పెట్టిన క్లినిక్ ఉన్న అంతస్తులో, హాలు చివర, స్త్రీలకూ పురుషులకూ కలిపి ఒకే మరుగుదొడ్డి. స్కాన్ కోసం మూత్రం ఆపుకుని కూర్చోమంటారు. స్కాన్ దగ్గర వరుస కదలదు. నిండిన మూత్రాశయమే బాధకు మూలమైన మనిషిని అలా కూర్చోబెట్టడం శిక్షతో సమానం. తట్టుకోలేక వెళ్లివస్తే, మళ్లీ నీళ్లు తాగి, మళ్లీ వరుస చివర నిలబడాలి. నా చెల్లెలు పళ్లబిగువున కూర్చున్న ఆ సేపు నేను చూడలేకపోయాను. ఈ రోగులకు స్కాన్ సమయం ముందుగా కేటాయించడం, పిలిచే ముందు మాత్రమే నీళ్లు తాగమనడం, ఇంకొక మరుగుదొడ్డి తెరవడం, ఇవి క్లినిక్ వెంటనే చేయవలసిన పనులు. గదిలో అంత చక్కగా ప్రశ్నలడిగే సంస్థ, హాలులో ఏమి జరుగుతోందో తమ రోగులను ఇంతవరకు అడిగినట్టు లేదు.

ఖర్చు మధ్యతరగతి కుటుంబానికి భరించగలిగినదే గాని తక్కువ కాదు. సంప్రదింపు రుసుము మిగతా ప్రత్యేక వైద్యుల మాదిరిగానే ఉంది; ఫిజియోథెరపీ ప్రతి విడతకూ వేరుగా చెల్లించాలి, అసలు భారం అదే. బిల్లులు స్పష్టంగా ఇస్తారు, అడగని పరీక్షలు చేర్చలేదు. దూరం నుంచి వచ్చేవారికి రెండు సందర్శనల మధ్య ఫోన్‌లో ఫిజియోథెరపిస్టు సలహా ఉచితంగా ఇస్తున్నారు, ఇది మాకు చాలా ఉపయోగపడింది.

నా చెల్లెలి బాధ పూర్తిగా పోలేదు, పోతుందని వారు మాట కూడా ఇవ్వలేదు. రాత్రి లేవడం తగ్గింది, బడిలో పాఠం మధ్యలో ఆపవలసిన అవసరం చాలావరకు తప్పింది, పట్టికలో అంకెలు కిందికి దిగాయి. వైద్యానికి ఐదింటికి నాలుగున్నర, వసతులకు రెండు ఇస్తాను. సరైన ప్రశ్నలు అడిగే వైద్యులు దొరకడం కష్టం కాబట్టి, లోపాలన్నీ తెలిసి కూడా వెళ్లమనే చెబుతాను.

వెళ్లేవారు పాత కల్చర్ నివేదికలన్నీ తేదీల వరుసలో పెట్టుకుని తీసుకువెళ్లాలి. వైద్యురాలు మొదట చూసేవి అవే. మూడు రోజుల డైరీని ఇంటి దగ్గరే రాసి తీసుకువెళితే ఒక సందర్శన ఆదా అవుతుంది. ప్రశ్నపత్రాన్ని కౌంటరు దగ్గర నింపకుండా, లోపల గదిలో నింపుతామని అడగవచ్చు. మేము అడిగితే ఒప్పుకున్నారు. స్కాన్‌కు ఉదయం మొదటి సమయం అడిగి తీసుకోవాలి. పురుషులను కూడా ఇదే క్లినిక్‌లో చూస్తారు.